హీరో షూటర్ మొదలుపెట్టే ముందు ఎవరి మాట వినాలి: విమర్శకులదా, ఆటగాళ్లదా?

హీరో షూటర్ అంటే ఒక్కొక్కరికీ వేరువేరు శక్తులున్న హీరోల్లో ఒకరిని ఎంచుకుని, టీమ్‌గా తుపాకులతో పోరాడే ఆన్‌లైన్ ఆట. అలాంటిదే బ్లిజార్డ్ సంస్థ తీసిన ఓవర్‌వాచ్, 2016 మే 24న విడుదలైంది. విమర్శకుల మార్కులను కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో దాని పీసీ వెర్షన్‌కు వందకు 91 పడ్డాయి, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కూడా అదే గెలిచింది. ఏడేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో దాని రెండో భాగం ఓవర్‌వాచ్ 2, పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లోకి వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆ స్టోర్ మొత్తంలో యూజర్ రివ్యూలు అత్యంత ఘోరంగా ఉన్న ఆటగా మిగిలింది. సంస్థ అదే, హీరోలూ చాలావరకు వాళ్లే. కొత్తగా ఆడదామనుకునేవాడు ఈ రెండు తీర్పుల్లో దేన్ని పట్టుకోవాలి?

ముందు విమర్శకుల సంగతి. హీరో షూటర్‌లో వాళ్లు బాగా పట్టుకునేది ఆట చేతికి ఎలా తగులుతుందన్నది. తుపాకీ పేలితే బరువు తెలుస్తోందా, దూరం నుంచి ఆకారం చూసి ఎదుటి హీరో ఎవరో గుర్తుపట్టగలమా, శబ్దం విని ఏ హీరో అల్టిమేట్ (అతి పెద్ద శక్తి) మీదకొస్తోందో తెలుసుకోగలమా వంటివి మొదటి పది గంటల్లోనే తేలిపోతాయి. ఓవర్‌వాచ్ మొదటి రివ్యూలు వీటి గురించి చెప్పినవి ఇప్పటికీ నిజమే. గురి కుదరనివాళ్లు కూడా టీమ్‌కు పనికొచ్చేలా హీరోలను తీర్చారని అప్పుడే గుర్తించి రాశారు. టీమ్‌వాళ్లకు వైద్యం చేసి కాపాడే సపోర్ట్ పాత్ర ఆడేవాడిగా నాకది చాలా పెద్ద విషయం.

కానీ ఈ రకం ఆటలో అసలు రూపం బయటపడేది నెలలు గడిచాక, వేలమంది దాన్ని నమిలి నమిలి పిప్పి చేశాక. 2018 మార్చిలో బ్రిగిట్టె అనే హీరో వచ్చింది. ఆ తర్వాత ముగ్గురు ట్యాంకులు (ముందు నిలబడి దెబ్బలు కాచేవాళ్లు), ముగ్గురు సపోర్టులతో ఆడే, గోట్స్ అని పిలిచే టీమ్ కూర్పు పై స్థాయి మ్యాచ్‌లను ఆక్రమించింది. ఎదుటివాళ్లను చంపడమే పనిగా ఉన్న డ్యామేజ్ హీరోలకు చోటే లేకుండా పోయింది. చివరికి 2019లో రోల్ క్యూ అనే పద్ధతి పెట్టి, ఒక్కో పాత్రకు ఇద్దరేసి అని బిగించేస్తే గానీ దానికి తెరపడలేదు. 2016 మేలో రివ్యూ రాసినవాళ్లకు ఇది కనిపించే అవకాశమే లేదు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు గానీ, ఆ 91 చూసి ఈరోజు ఆట మొదలుపెట్టడం మాత్రం పొరపాటు. 2022 అక్టోబర్‌లో పాత ఓవర్‌వాచ్ సర్వర్లు మూసేసి, ఆరుగురి టీమ్‌ను అయిదుగురికి కుదించి, దాని స్థానంలో ఓవర్‌వాచ్ 2 పెట్టారు. ఆ మార్కులు వచ్చిన ఆట ఇప్పుడు ఎక్కడా దొరకదు.

పైగా, పత్రిక తన మార్కులు తర్వాత మార్చుకున్నా మెటాక్రిటిక్ మొదట ఇచ్చినదాన్నే లెక్కలో ఉంచుకుంటుంది. సీజన్ సీజన్‌కు మారిపోయే ఆటలకు ఇది పనికొచ్చే పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం.

ఆటగాళ్ల రివ్యూల బలం సరిగ్గా ఇక్కడే ఉంది. స్టీమ్‌లో రెండు లెక్కలు కనిపిస్తాయి: మొదటి నుంచీ వచ్చిన రివ్యూలన్నీ ఒకటి, గత 30 రోజులవి ఇంకొకటి. ప్రతి రివ్యూ పక్కన రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో కూడా ఉంటుంది. దీని విలువ తెలియాలంటే వాల్వ్ సంస్థ తీసిన టీమ్ ఫోర్ట్రెస్ 2 చూడాలి. 2007 అక్టోబర్‌లో వచ్చిన ఆట, మెటాక్రిటిక్‌లో 92. తర్వాతి కాలంలో వాల్వ్ సొంత క్యాజువల్ సర్వర్లలోకి బాట్‌లు (మనుషుల్లా ఆడే ప్రోగ్రామ్‌లు) చొరబడ్డాయి. స్నైపర్ వేషంలో వచ్చి, కనపడ్డవాళ్ల తలలు క్షణంలో పేల్చేస్తూ, చాట్‌ను చెత్తతో నింపేసేవి. మనుషులు ఆడలేని పరిస్థితి వచ్చినా ఆ 92 చెక్కుచెదరలేదు. 2024 జూన్‌లో ఆటగాళ్లంతా కలిసి నెగటివ్ రివ్యూలు కుమ్మరించారు. ఇటీవలి రివ్యూల లెక్క దారుణంగా పడిపోయింది. ఆ వేసవిలోనే బాట్ ఖాతాల మీద పెద్ద ఎత్తున వేటు పడింది. ఆటను ప్రేమించేవాళ్లే దానికి నెగటివ్ ఇచ్చి కాపాడుకున్నారు. అది చూశాక రివ్యూ బాంబింగ్ (ఇలా గుంపుగా నెగటివ్ రివ్యూలు కుమ్మరించడం) అనగానే అల్లరిమూక పని అని కొట్టిపారేసేవాళ్ల మాట నాకు నచ్చదు.

అలాగని స్టీమ్‌లో పైకీ కిందికీ చూపే బొటనవేళ్ల లెక్కను ఉన్నదున్నట్టు నమ్మమని చెప్పను. ఓవర్‌వాచ్ 2 మీద 2023లో కురిసిన కోపంలో చాలాభాగం మ్యాచ్ లోపలి సంగతులకు సంబంధించింది కాదు. అసలు రెండో భాగం ఎందుకు అంటే చూపించిన కారణం పీవీఈ హీరో మోడ్, అంటే మనుషులతో కాక కంప్యూటర్ శత్రువులతో పోరాడే విభాగం. దాన్ని ఆ ఏడాది మేలో రద్దు చేశారు. డబ్బిచ్చి కొన్న ఆటను తీసేసి ఉచిత ఆటను చేతిలో పెట్టి, కొత్త హీరోలను బ్యాటిల్ పాస్‌లో (ఆడుతూనో డబ్బు పెట్టో తెరుచుకునే బహుమతుల వరుస) దాచారు. హీరోల వేషాలు మార్చే స్కిన్‌ల ధరలు మండిపోయాయి. చైనాలో ఆ ఏడాది జనవరిలోనే బ్లిజార్డ్ ఆటల సేవలు ఆగిపోవడంతో, అక్కడివాళ్ల ఆక్రోశం కూడా స్టీమ్ పేజీలోనే బయటపడింది. ఇవన్నీ న్యాయమైన కోపాలే. మాట తప్పిన సంస్థను నిలదీయడం తప్పు కాదు. కానీ ఆ ఎర్ర అక్షరాల తీర్పు చూసి ఆటలో షూటింగే బాలేదనుకుంటే తప్పుదారి పడతాం. అదే వారంలో స్టీమ్‌లో ఒకే సమయంలో వేల సంఖ్యలో జనం దాన్ని ఆడుతున్నారు. విమర్శకులు మాత్రం ఓవర్‌వాచ్ 2కు 80 దరిదాపుల్లో ఇచ్చారు. మ్యాచ్ బాగుందన్న వాళ్లూ, మోసపోయామన్న వాళ్లూ ఇద్దరూ సరిగ్గానే చెప్పారు.

ఈ రెండింటికీ అందని సంగతి ఒకటుంది. లాబ్రేకర్స్ అనే మరో హీరో షూటర్ 2017 ఆగస్టులో వచ్చింది, రివ్యూలు ఫర్వాలేదనిపించాయి. 2018 సెప్టెంబర్‌లో సర్వర్లు మూతపడ్డాయి. సోనీ తెచ్చిన కాంకర్డ్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 2024 ఆగస్టు 23న 40 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. షూటింగ్ బాగుందని, పాత్రల్లోనే ఆకర్షణ లేదని చాలామంది విమర్శకులు రాశారు. స్టీమ్‌లో ఒకేసారి ఆడినవాళ్ల గరిష్ఠ సంఖ్య 697. రెండు వారాల్లో, సెప్టెంబర్ 6న, సోనీ దాన్ని ఆఫ్‌లైన్ చేసి డబ్బు వాపసు ఇచ్చింది. టీమ్ ఆటకు మనుషులు దొరకకపోతే మ్యాచ్ ఉండదు, మ్యాచ్ లేకపోతే ఆటే ఉండదు. ఎంత నిజాయితీగా రాసిన రివ్యూ అయినా ఈ జోస్యం చెప్పలేదు. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఎంతమంది ఆడుతున్నారో కూడా ఒకసారి చూసుకోవాలి.

మార్వెల్ సూపర్‌హీరోలతో వచ్చిన మార్వెల్ రైవల్స్ దగ్గర విమర్శకులూ ఆటగాళ్లూ, ఇద్దరి మాటా మొదట్లో దాదాపు కలిసింది. 2024 డిసెంబర్ 6న 33 మంది హీరోలతో, అందరినీ ఉచితంగా ఇస్తూ వచ్చింది. మూడు రోజుల్లో కోటి మంది చేరారు. విమర్శకులు మెచ్చారు, ఆటగాళ్లూ మెచ్చారు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. వరుసగా ఓడినవాళ్లకు క్విక్ మ్యాచ్‌లో మనుషుల బదులు బాట్‌లను ఎదురు పెడుతున్నారన్న సంగతిని మ్యాచ్ మీద మ్యాచ్ ఆడి, పేర్లు పోల్చి చూసి పట్టుకున్నది మామూలు ఆటగాళ్లే. అంత ఓపిక గడువు ముంచుకొస్తున్న విమర్శకుడికి ఎక్కడుంటుంది?

అందుకే ఉచితంగా దొరికే హీరో షూటర్ విషయంలో నా ఓటు ఆటగాళ్లకే, అదీ ఇటీవలి రివ్యూలకే. శాతం కాదు, వంద గంటలు దాటినవాళ్లు రాసిన నాలుగైదు పొడుగు రివ్యూలు చదవాలి. వాటిలో కోపం దేనిమీదో విడదీసుకోవాలి: దుకాణం మీదా, ఎవరితో ఎవరు ఆడాలో జతచేసే మ్యాచ్‌మేకింగ్ మీదా, లేక నిన్న తన హీరోకు జరిగిన నెర్ఫ్ (శక్తి తగ్గింపు) మీదా? మొదటిది స్కిన్‌లు కొననివాడికి పెద్దగా తగలదు. మూడోది వచ్చే ప్యాచ్‌కు చల్లారుతుంది. మ్యాచ్‌మేకింగ్ గురించి పదిమంది ఒకే మాట అంటుంటే మాత్రం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే రోజూ సాయంత్రం మనం గడిపేది దానితోనే.

డబ్బిచ్చి కొనాల్సిన కొత్త ఆటైతే మొదటి వారం విమర్శకుడే మేలు. అప్పటికి వంద గంటలు ఆడినవాళ్లు ఎవరూ ఉండరు. ఒక్క షరతు: మార్కుల దగ్గర ఆగకుండా, అతను ఏ పాత్ర ఎక్కువగా ఆడాడో వెతకాలి. డ్యామేజ్ మాత్రమే ఆడినవాడి పొగడ్త సపోర్ట్ ఆడేవాళ్లకు సగమే పనికొస్తుంది.