డైనోసార్ టూర్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

బల్లార్ష, చంద్రపూర్, ఆలాపల్లి వైపు తెలుగువాళ్ళకి చెప్తున్నా. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచకి డైనోసార్ టూర్ అని ఫోన్లలో ఒక పోస్టర్ తిరుగుతోంది. దీపావళి సెలవుల్లో నేను, మా ఆయన, మా బాబు, మా ఆడపడుచు కూతురు వెళ్ళొచ్చాం. మనిషికి 3,800, పిల్లలకి హాఫ్ లేదు. మొత్తం 15,200 ముందే ఫోన్‌పే చేయించుకున్నారు. రసీదు అడిగితే టూర్ నడిపేవాడు "మెసేజ్ వచ్చింది కదా మేడమ్, అదే రసీదు" అన్నాడు. నేను అక్కడే ఆగాల్సింది.

పోస్టర్ మీద ఎత్తైన డైనోసార్ అస్థిపంజరం. ఏడో తరగతి చదివే మావాడు దాన్ని చూసే పట్టుబట్టాడు. సిరొంచ దగ్గరి వడదం ఫాసిల్ (శిలాజాల) పార్కులో దిగగానే "అదెక్కడ?" అన్నాడు. గైడ్ "లోపలుంది, లోపలుంది" అంటూ గంటసేపు ఎండలో తిప్పాడు. చివరికి గేటు దగ్గర కూర్చున్న వాచర్ నవ్వి, "అది కలకత్తాలో ఉంది బాబూ" అన్నాడు. నిజమే. సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1958లో ఆ డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి, 1961 దాకా తవ్వి మూడొందల దాకా తీశారు. 1961 టాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి దానికి బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. నిలబెట్టిన అస్థిపంజరం కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. దాని ఫొటో వేసి మనల్ని సిరొంచ తీసుకెళ్తున్నారు.

వడదంని మాత్రం తప్పుపట్టను. రాయైపోయిన మానులు అక్కడ పడున్నాయి. ఒకదాని మీద చెయ్యి పెట్టి మావాడు "ఇది కర్రే కదమ్మా" అన్నాడు. గీతలు, కణుపు మచ్చలు అన్నీ ఉన్నాయి, తడితే చల్లగా రాయి. మట్టిలో పూడిన మానులోకి నీళ్ళతో పాటు సిలికా చేరి, మెల్లగా కలప ఉన్నచోటల్లా రాయి నిండిందన్నమాట. గైడ్ మాత్రం పిడుగు పడి అలా అయిందన్నాడు! పోచంపల్లిలో "పిల్లలు స్వయంగా తవ్వొచ్చు" అన్నది కూడా ఉత్తదే. రోడ్డు పక్కన బండి ఆపి "అదిగో, ఆ పొలాలే" అని చూపించాడు.

అసలు దోపిడీ ధాబా దగ్గర. భోజనాలయ్యాక డిక్కీలోంచి గోనెసంచి దింపి "డైనోసార్ గుడ్లు, ఒక్కోటి 600" అన్నారు. పిల్లల ముందు కాదనలేక మా ఆయన ఒకటి కొన్నారు. రాత్రి లాడ్జిలో మావాడు దాన్ని బకెట్లో కడిగితే నీళ్ళన్నీ ఎర్రమట్టి రంగు. రంగు పోయాక చేతిలో మిగిలింది మామూలు గోదావరి గుండ్రాయి. అయినా మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో దొరికే అసలు డైనోసార్ గుడ్లు లమేటా అనే రాతి పొరల్లోవి, ఆరేడు కోట్ల ఏళ్ళవి. సిరొంచలో బారపాసారస్ దొరికినవి కోట అనే వేరే రాతి పొరలు, అవి 18 కోట్ల ఏళ్ళ నాటివి. ఒకవేళ ఎవరైనా నిజంగానే అక్కడి రాయి అమ్మినా కొనకండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోంచి రాయి తెచ్చినా అటవీ చట్టం కింద కేసవుతుంది.

రెండోరోజు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియం. తెలంగాణలోని యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే ఇంకో డైనోసార్ అస్థిపంజరం అక్కడ ఉంది, అది అసలుదే. కానీ గోదావరి వంతెన దాటగానే కాళేశ్వరంలో బండి ఆపి, దర్శనం అని రెండు గంటలు, టిఫిన్లని ఇంకో గంట. స్వామి దర్శనానికి వద్దంటానా, కానీ కాళేశ్వరం మనం ఎప్పుడైనా పోగలం. హైదరాబాద్ చేరేసరికి మ్యూజియం మూసేశారు. టూర్ వాడికి ఫోన్ చేసి డబ్బులు వెనక్కి ఇమ్మంటే "మ్యూజియం కాంప్లిమెంటరీ మేడమ్, దానికి రీఫండ్ ఉండదు" అని ఫోన్ పెట్టేశాడు. మావాడు తాళం వేసిన గేటు కమ్మీల్లోంచి తొంగి చూస్తూ నిలబడ్డాడు.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను. పోస్టర్, ఫోన్‌పే మెసేజ్, కాల్ రికార్డింగ్ అన్నీ ఉంచుకున్నా, మీలో ఎవరైనా మోసపోయుంటే మీరూ పెట్టండి.

నిన్న మళ్ళీ కొత్త పోస్టర్ వచ్చింది, సంక్రాంతి సెలవులకట. ఫొటో అదే, కలకత్తా డైనోసార్. రేటు మాత్రం 4,200 అయింది.