నైలాన్ పోగుతో ఆరేళ్లు: కోషే-బొనే ఎస్థీషియోమీటర్

కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) స్పర్శను కొలిచే ఈ పరికరం కొన్న కొత్తలో, దూది కొనతో తాకి "తెలుస్తోందా?" అని అడిగే రోజులు ఇక పోయినట్టేనని తోటి వైద్యులకు గట్టిగానే చెప్పాను. ఆ మాటను వెనక్కి తీసుకోను గాని, ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

నా ఫిర్యాదంతా అందులోని నైలాన్ పోగు మీదే. దాని పొడవును 60 మిల్లీమీటర్ల నుంచి తగ్గించుకుంటూ కంటికి తాకిస్తాం; పోగు పొట్టిదయ్యేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, ఎంత తక్కువ పొడవు దగ్గర తెలిస్తే స్పర్శ అంత తగ్గినట్టు. ఒక ముసురు వారంలో నేను పరీక్షించిన ముగ్గురికి స్పర్శ తగ్గినట్టు తేలింది. వెతికితే కారణాలు దొరకకపోవు గదా: ఒకరికి మధుమేహం, ఇంకొకరికి ఏళ్ల తరబడి కాంటాక్ట్ లెన్సుల వాడకం, మూడోవారికి ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) ఉన్న గ్లాకోమా చుక్కలు. నాలుగో వ్యక్తికి ఏ కారణమూ లేకపోయినా రెండు కళ్లలోనూ పోగును 45 మిల్లీమీటర్లకు కుదిస్తే తప్ప స్పర్శ తెలియకపోవడంతో, అనుమానం వచ్చి నా కంటినే పరీక్షింపజేసుకున్నాను. నాకూ 45 దగ్గరే తెలిసింది! గాలిలోని తేమను పీల్చుకున్న నైలాన్ బిగువు కోల్పోయి, అదే పొడవులో తక్కువ ఒత్తిడి కలిగిస్తుంది. చదువుకున్న సంగతే, అవసరమైనప్పుడు గుర్తురాలేదు. పొడి వాతావరణంలో ఆ ముగ్గురినీ మళ్లీ పిలిపించి చూస్తే, ఇద్దరికి 60 దగ్గరే తెలిసింది. గ్లాకోమా చుక్కలు వాడుతున్నవారికి మాత్రం ఒక కంట నిజంగానే 35; దెబ్బతిన్న చోటును చూపే ఫ్లోరెసిన్ రంగు వేస్తే అక్కడ చుక్కలు చుక్కలుగా రంగు పట్టింది. ప్రిజర్వేటివ్ లేని మందుకు మార్చాను.

అప్పటినుంచి పోగును పొడిగా భద్రపరచి, ముందు మా సిబ్బందిలో ఒకరి ఆరోగ్యవంతమైన కంటిపై సరిచూసుకున్నాకే రోగిని కూర్చోబెడుతున్నాను. 60 దగ్గర స్పర్శ తెలిసినంత మాత్రాన నరాలు క్షేమమని కూడా రాయడం మానేశాను; అంతకంటే సున్నితమైన తాకిడిని పసిగట్టగల కార్నియాలో తొలిదశ నష్టం ఈ కొలతకు అందదు. పైకి ఏ లోపమూ కనిపించని కంటిలో భరించలేని మంట ఉందని వచ్చేవారి విషయంలో దీనికంటే కార్నియాను మొద్దుబార్చే ఒక్క ప్రొపారకెయిన్ చుక్కే ఎక్కువ చెబుతుంది: మంట తగ్గకపోతే మూలం కార్నియా ఉపరితలానికి అవతల ఉందేమోనని ఆలోచించాలి. ఆ చుక్క వేశాక స్పర్శ కొలవకూడదని వేరే చెప్పనక్కరలేదు (హడావుడిలో నేనూ ఒకసారి కొలిచాను).

హెర్పిస్ వైరస్ కార్నియా నరాలను దెబ్బతీశాక, నొప్పి తెలియని, ఎంతకీ మానని పుండ్లతో వచ్చేవారు నా దగ్గర ఎక్కువ. రోజుకు 6 సార్లు చొప్పున 8 వారాలు సెనెజెర్మిన్ (నరాల పెరుగుదలకు తోడ్పడే కంటిచుక్కల మందు) వేయించే ముందు, రెండు కళ్లకూ పోల్చి చూసుకోదగిన ఒక అంకె చేతిలో ఉండటం నాకు ధైర్యం. ఏడాదికి ఒకరిద్దరు ఇలాంటి రోగులను చూసేవారికి దూది కొనే సరిపోవచ్చు. నా బల్ల మీద ఇప్పుడు రెండూ ఉన్నాయి; ముసురు పట్టిన రోజుల్లో ముందుగా చేయి దూది వైపే వెళ్తోంది.