భోగి మంట దగ్గర హాట్ చాక్లెట్‌కి ఈ కుళాయి క్యాన్ పనికొస్తుందా?

కర్నూల్లో మా కాలనీ భోగి మంట దగ్గర ఈసారి టీ బదులు మసాలా హాట్ చాక్లెట్ పెట్టాం. దానికోసమే వన్ టౌన్‌లో ఒక స్టీల్ సామాన్ల అంగట్లో కుళాయి ఉన్న 10 లీటర్ల క్యాన్ కొన్నాం. వేడి నిలపడంలో దీనికి వంక పెట్టలేం. తెల్లవారుజామున 5 గంటలకు పోసి మూత బిగిస్తే, ఏడు దాటాక నిద్ర లేచి వచ్చినవాళ్లు కూడా ఊదుకుంటూనే తాగారు. కాకపోతే ముందు మరిగే నీళ్లు పోసి కాసేపు ఉంచి పారబోయాలి, లేదంటే చల్లటి స్టీలే కొంత వేడి లాగేస్తుంది.

ఇబ్బందంతా కుళాయితోనే. కోకో పొడి చక్కెరలా కరిగిపోదు, కదపకపోతే మెల్లగా అడుక్కి చేరుతుంది. కుళాయేమో అడుగుకి రెండు వేళ్ల పైన ఉంది. అందుకే చిక్కటిదంతా కిందే ఉండిపోయి కప్పుల్లోకి పలచగా వస్తుంది, ఎవరో ఒకరు దగ్గరుండి మధ్యమధ్యలో గరిటెతో అడుగు నుంచి కలుపుతూనే ఉండాలి. దాల్చినచెక్క పొడి అసలు వేయొద్దు, జిగురుగా మారి కుళాయికి అడ్డం పడుతుంది. చెక్క, దంచిన యాలకులు, మిరియాలు, శొంఠి, గింజలు తీసిన రెండు ఎండుమిరపకాయలు పలచటి గుడ్డలో మూటకట్టి పాలతో మరిగించి తీసేయండి. చాక్లెట్‌లో మిరపకాయేంటి అని పెద్దవాళ్లు అడుగుతారు, అడగనీయండి. మెక్సికో వైపు వందల ఏళ్ల కిందటే కోకోని మిరపతో కలిపి తాగేవాళ్లు, అందులో చక్కెర కలపడం తర్వాత వచ్చింది.

150 మి.లీ. కప్పులతో 50 మందికి 6 లీటర్ల పాలు, లీటరున్నర నీళ్లు, 350 గ్రాముల కోకో, 700 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు సరిపోతాయి. కోకో, చక్కెర పొడిగానే కలిపి, ఆ నీళ్లలోంచే వేడిగా కొద్దికొద్దిగా పోస్తూ దోసెల పిండిలా తిప్పాకే పాలల్లో పోయండి, ఉండలు కట్టదు. డ్రింకింగ్ చాక్లెట్ డబ్బాలు కొనొద్దు, వాటిలో సగానికి పైగా చక్కెరే ఉంటుంది.

కడగడం మాత్రం విసుగు. కుళాయి లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, అదే రోజు విప్పి వేడినీళ్లతో కడగకపోతే పులిసిన పాల వాసన పట్టేస్తుంది. విడిగా వాషర్ ఇవ్వమంటే దొరకదని అంగట్లో తేల్చి చెప్పారు, అది నాకు అస్సలు నచ్చలేదు. అయినా ఇంత ధారాళంగా, ఇంత వేడిగా అందరికీ అందించే సామాను ఇంట్లో ఇంకోటి లేదు కాబట్టి కొనమనే చెప్తాను. డబ్బులిచ్చే ముందు అక్కడే కుళాయి విప్పి చూపించమనండి, విప్పడానికి రాకపోతే తీసుకోవద్దు.