మండువా లోగిలి బాగుచేయించే ముందు చూసి వచ్చిన ఇళ్లు

కోనసీమలోని మా తాతగారి మండువా లోగిలిని, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, దాని చుట్టూ గదులు ఉన్న పాత ఇంటిని, పడగొట్టి కొత్తగా కట్టాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా అన్న చర్చ మా కుటుంబంలో ఏళ్లుగా నలిగి, చివరికి బాగుచేయించడమే మేలని తేలింది. దూలాలూ టేకు స్తంభాలూ గట్టిగానే ఉన్నాయి. పెంకుల కింద వాసాలు కొన్ని పుచ్చాయి. గోడల అడుగుభాగం మాత్రం చెమ్మ పీల్చి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. పని మొదలుపెట్టే ముందు, ఇటువంటి పాత ఇళ్లను బాగుచేసి నేటికీ వాడుకలో ఉంచినవారి పనితనాన్ని కళ్లారా చూడాలని మా తమ్ముడు, నేను, మా తాపీమేస్త్రీ కలిసి చెన్నై నుంచి పుదుచ్చేరి, కారైకుడి మీదుగా తిరువనంతపురం దాకా వెళ్లాము. ఇల్లు బాగుచేయించుకోదలచినవారికి ఏ చోటు ఎంతవరకు ఉపయోగపడుతుందో ఆ దృష్టితోనే ఇక్కడ చెబుతున్నాను.

చెన్నైకి దక్షిణాన, మహాబలిపురం వెళ్లే తీరపు రోడ్డు మీద ముట్టుకాడు వద్ద ఉన్న దక్షిణచిత్ర 1996లో ప్రారంభమైంది. తక్కువ ఖర్చు ఇళ్లకు పేరొందిన వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రణాళికతో రూపుదిద్దుకున్న ఆ ఆవరణలోకి దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. విశాఖ వైపు కనిపించే మట్టిగోడల చుట్టిల్లు, తెలంగాణ ఇక్కత్ నేతకారుల ఇల్లు, కేరళ కలప ఇళ్లు, చెట్టినాడు వర్తకుల ఇల్లు ఒకదాని తరువాత ఒకటి చూస్తూ పోవచ్చు. తుఫాను గాలిని అడ్డుకోకుండా పక్కలకు జారనిచ్చే గుండ్రటి గోడ, చేతికందేంత కిందికి దిగిన చూరు కలిసి ఎలా పనిచేస్తాయో చుట్టిల్లు చుట్టూ ఒకసారి తిరిగితే అర్థమవుతుంది. ప్రవేశ రుసుము ఎక్కువేమీ కాదు, మంగళవారం సెలవు. అయితే అక్కడివి ఎవరూ కాపురం ఉండని ఇళ్లు. వంటింటి పొగ ఎటు పోతుందో, వానాకాలంలో మండువా నీళ్లు ఎంతసేపటికి తీస్తాయో అక్కడ తెలియదు. కొలతలు తీసుకోవడానికి, కలప అతుకులను దగ్గరగా చూడడానికి మాత్రం దానికి సాటి మరొకటి మాకు కనబడలేదు.

పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లోని ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ 1989 నుంచి మట్టి కట్టడాల మీద పనిచేస్తోంది. మట్టిలో సుమారు ఐదు శాతం సిమెంటు కలిపి యంత్రంతో అదిమి, కాల్చకుండానే నాలుగు వారాలపాటు తడిపి గట్టిపరిచే దిమ్మెలను అక్కడ చేతితో చేయించి నేర్పుతారు. ముందుగా నమోదు చేసుకున్నవారికే శిక్షణ ఉంటుంది కనుక, దారిలో ఒక పూట ఆగి చూసిపోదామనుకునేవారికి పెద్దగా దక్కేదేమీ ఉండదు. ఆ ప్రాంతపు ఎర్రమట్టిలో ఇసుక పాలు తగినంత ఉంది, మా గోదావరి ఒండ్రులో బంకపాలు ఎక్కువ. అటువంటి మట్టికి ఇసుక కలపాలి, లేదా సిమెంటుకు బదులు సున్నంతో స్థిరపరచాలి. పాత ఇంటికి ఈ పద్ధతి మాకు పనికిరాలేదు గాని, పెరట్లో తమ్ముడు తన వడ్రంగం పనికోసం కట్టుకోదలచిన వర్క్‌షాపు గురించి ఆలోచించడానికి ఇక్కడే దారి దొరికింది.

ఈ ప్రయాణంలో ఎక్కువ కాలం గడిపినదీ, గడపవలసినదీ కారైకుడి చుట్టూ ఉన్న చెట్టినాడు. చెన్నై ఎగ్మూరు నుంచి మధ్యాహ్నం బయలుదేరే పల్లవన్ ఎక్స్‌ప్రెస్ రాత్రికి కారైకుడి చేరుస్తుంది. అక్కడి నుంచి కానాడుకాత్తాన్, ఆత్తంగుడి వంటి ఊళ్లకు కారు మాట్లాడుకోవాలి. ఈ ఊళ్ల సముదాయం 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది. వీధి నుంచి వెనక వీధి దాకా సాగే ఆ ఇళ్లలో అరుగు, ముందు సావిడి, మండువా, దాని వెనుక మరో మండువా, వంటిళ్లు వరుసగా ఒకే గీత మీద ఉంటాయి. బర్మా టేకు స్తంభాలు, అంతస్తులు అంతస్తులుగా పరచిన పెంకులు చూస్తే మనవారి లోగిళ్లకు పెద్దన్నల్లా అనిపిస్తాయి. ఒక్కొక్క ఇంటికి వారసులు పదుల సంఖ్యలో ఉండడంతో చాలా ఇళ్లు తాళాలతోనే ఉన్నాయి. బాగుచేసి బసలుగా మార్చిన కొద్దిపాటి ఇళ్లే మనం లోపలికి వెళ్లి చూడగలిగేవి.

కారైకుడిలోని ద బంగళా అనే బసలో అరటాకు భోజనం విశేషంగా ఉంటుంది, ఇంటివారి ఆదరణ మనసుకు పడుతుంది. కానాడుకాత్తాన్‌లోని విశాలం 1930లలో ఒక తండ్రి తన కూతురికోసం కట్టించిన భవనం. స్నానాల గదులను, కరెంటు తీగలను పాత గోడలకు దెబ్బ తగలకుండా అమర్చిన తీరు నేర్చుకోవలసినది. ఖర్చు ఎక్కువే, అయినా బసకు ఒక రాత్రి పెట్టదగినదే. ఆ ప్రాంతంలోనే మేము దిగిన మరొక బసలో మండువా మీద పారదర్శకమైన రేకులు కప్పి, కింద సోఫాలు వేశారు. వాన పడకుండా చేయడమే వారి ఉద్దేశం కావచ్చు. కాని పైకి పోవలసిన వేడి గాలి అక్కడే నిలిచి, మధ్యాహ్నానికి చుట్టూ ఉన్న గదులన్నీ ఉడికిపోయాయి, ఏసీలు ఆపడానికి వీల్లేకపోయింది. మండువాను మూయాలని మా ఇంట్లో అడుగుతున్నవారికి నేను చెప్పబోయే జవాబు ఆ గదిలో నిద్రపట్టని రాత్రే సిద్ధమైంది. వాన జల్లు ఇబ్బందైతే చూరు పొడిగించాలి, తూము శుభ్రంగా ఉంచాలి, ఆకాశాన్ని మూయకూడదు.

గోడల సంగతి మరింత ముఖ్యం. మా పాత గోడలు సున్నంతో కట్టినవి. మధ్యలో ఎప్పుడో ఎవరో అడుగున సిమెంటు పూత పూయించారు. నేల నుంచి ఎక్కే చెమ్మ బయటికి ఆరడానికి దారి లేక ఇటుకలోనే నిలిచి, లవణం పేరుకొని, పూతను తోసేస్తోంది. సున్నపు పూత ఆ చెమ్మను ఆరనిస్తుంది. చెట్టినాడులో సున్నానికి కరక్కాయ, బెల్లం నీళ్లు చేర్చి, చివరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రుద్ది అద్దంలా మెరిపిస్తారు. ఒక ఇంట్లో పని జరుగుతుండగా మా మేస్త్రీ గంటలకొద్దీ పక్కన నిలబడి, సున్నం ఎన్నాళ్లు నానబెట్టారు, పూతకూ పూతకూ మధ్య ఎంత ఆగారు అని వివరంగా అడిగి తెలుసుకున్నాడు. గానుగలో నూరి వాడే సున్నం పని తన తండ్రితోనే ఆగిపోయిందని అతడు ఇంతకు ముందెన్నడూ మాకు చెప్పలేదు.

ఆత్తంగుడి పలకల తయారీ చూడదలచినవారు ఉదయమే వెళ్లాలి. గాజు పలక మీద లోహపు అచ్చు పెట్టి, రంగు కలిపిన సిమెంటును గడుల్లో పోసి, అచ్చు తీసి, పైన పొడి సిమెంటు, ఇసుక చల్లి, తడి గచ్చు నింపి, ఆరాక నీళ్లలో నానబెడతారు. కాల్చే పని లేదు. ఆ గాజు నునుపే పలకకు మెరుపు. ఆసిడ్‌తో కడిగితే రంగు పోతుంది, చెమ్మ ఎక్కే నేలలో పరిస్తే మరకలు పడతాయి. అందువల్ల మా సావిడికి మాత్రమే, కింద చెమ్మను అడ్డుకునే పొర వేయించాక వాడదలచాము. దారిలో పగిలేవాటికోసం కొన్ని ఎక్కువ తెచ్చుకోవాలి.

కారైకుడిలో పాత సామాన్ల వీధి మునీశ్వరన్ కోయిల్ వీధి. పడగొట్టిన ఇళ్ల చెక్కడపు ద్వారబంధాలు అక్కడ నిలబెట్టి అమ్ముతారు. చూడడానికి చాలా అందంగా ఉన్నాయి, నేను కొనలేదు. అవి వేరే ఇంటి కొలతలకు చేసినవి, పైగా వాటికి గిరాకీ పెరిగిన కొద్దీ నిలబడి ఉన్న ఇళ్లకు ముప్పు పెరుగుతుంది. మా తలుపులకు విరిగిపోయిన ఇత్తడి గడియలు మాత్రం సరిపోయేవి దొరికాయి.

తిరువనంతపురంలో బేకర్ పనితనం చూడడానికి ఖర్చే అక్కరలేదు. తంబానూరు బస్టాండు దగ్గర ఇండియన్ కాఫీ హౌస్‌లో కాఫీ తాగుతూ, మెలికలు తిరిగి పైకి పోయే నడవను, ఇటుకల జాలీల్లోంచి వచ్చే గాలిని గమనించవచ్చు. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ గోడకు సుమారు నాలుగో వంతు ఇటుక తగ్గుతుంది, లోపలి గాలి వేడిని ఆపుతుంది. విళప్పిల్‌శాలలోని లారీ బేకర్ కేంద్రంలో ఈ పద్ధతులను దగ్గరుండి చూపిస్తారు. తమ్ముడి వర్క్‌షాపు గోడలకు ఇదే ఖాయం చేశాము, పైకప్పుకు మంగుళూరు పెంకులు వేయిస్తున్నాము.

ఎండాకాలంలో ఈ ప్రయాణం పెట్టుకోకండి, డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. బసలో గది తీసుకునేటప్పుడు మండువా వైపు తలుపు తెరుచుకునే గదినే అడగండి. మేస్త్రీకి కూడా అదే ఇంట్లో గది తీసుకోండి. మా ప్రయాణంలో ఆ అదనపు గది అద్దెకే అన్నిటికన్నా ఎక్కువ ఫలితం దక్కింది. కిందటి నెలలో సున్నం గుంత తవ్వించి, సున్నం నానబెట్టాము. వాసాలు మార్చే పని ముగిశాకే గోడలు ముట్టుకుంటాము.