అంబాసిడర్‌కి కొత్త పాయింట్లు, కండెన్సర్, రోటర్: కొన్నేళ్లు వాడాక నా మాట

పాత పెట్రోలు అంబాసిడర్ ఉన్నవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పే మాట ఇదే: బండి మిస్సింగ్ కొడితే (ప్లగ్గులో నిప్పు తప్పి ఇంజను తడబడితే), ఈ మధ్య కొత్తగా ఏ సామాను వేశారో మొదట దాన్నే అనుమానించండి. ఏళ్ల తరబడి నోరెత్తకుండా పనిచేసిన భాగం కన్నా మొన్న డబ్బా విప్పి బిగించిన భాగమే దొంగ అయ్యే అవకాశం ఎక్కువ. నా బండికి కరెంటు లైనులో, అంటే ప్లగ్గులకి నిప్పు అందించే భాగాల్లో, వచ్చిన తంటాలు దాదాపు అన్నీ కొత్త సామానుతో వచ్చినవే. వోల్టులు పెంచే కాయిల్‌కి కరెంటుని తెంచి కలిపేవి పాయింట్లు, వాటి మధ్య మంట లేవకుండా చూసేది కండెన్సర్, తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకి నిప్పు పంచేది రోటర్. ఈ మూడూ ఉండేది డిస్ట్రిబ్యూటర్ అనే డబ్బాలో.

మాది మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను. విజయవాడ, గుంటూరు మధ్యే ఎక్కువగా తిరుగుతుంది. హిందుస్థాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీ ఆపేసింది. అయినా సామాను దొరకదన్న బెంగ లేదు, ఆటోనగర్‌లో అడిగితే పాయింట్ సెట్టూ కండెన్సరూ రోటరూ అప్పటికప్పుడే చేతికొస్తాయి. బాధంతా ఆ చేతికొచ్చినదాంతోనే. అట్టపెట్టె మీద ఏ పేరున్నా లోపలి సరుకు ఎవరిదో అమ్మేవాళ్లకే తెలియదు. ఒకే పేరుతో కొన్న రెండు రోటర్లు నా దగ్గర రెండు రకాలుగా ఉన్నాయి, అందుకే ఇక్కడ బ్రాండ్లు రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది కండెన్సర్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే బండి స్టార్టవుతుంది. రోహిణి కార్తె ఎండలో వారధి దాటి మంగళగిరి చేరేసరికి పికప్ తగ్గుతుంది, సైలెన్సర్‌లో టప్ టప్‌మంటుంది, కాజ టోల్‌గేటు క్యూలోకి రాగానే ఆగిపోతుంది. బానెట్ ఎత్తి కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్. ఈ లక్షణాలు చెబితే ఎవరైనా పెట్రోలు అనే అంటారు. పంపు మీద తడిగుడ్డ వేయించారు, కార్బొరేటర్ విప్పి కడిగించారు. కండెన్సర్ సంగతేంటని అడిగితే మా మెకానిక్ "అది మొన్ననే కదా సార్ వేశాం, కొత్తది" అన్నాడు. ఆ మాటతో ఆ దారి మూసుకుపోయింది.

పెట్రోలు అందక ఆగే బండి సాధారణంగా కుదుపుతూ, ఈడుస్తూ కొంచెం కొంచెంగా చస్తుంది. కరెంటు పోతే చాలాసార్లు ఠక్కున ఆగుతుంది. పక్కా రుజువు కావాలంటే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, ఒకరిని సెల్ఫ్ కొట్టమని పాయింట్ల వైపు చూడాలి. చిన్న చిన్న మెరుపులు మామూలే. తెల్లగా, నీలంగా లావుపాటి మంట లేస్తుంటే కండెన్సర్ పని చేయట్లేదన్నమాట. పాయింట్లు తెరుచుకునే క్షణంలో కరెంటు అక్కడ మంటగా పోకుండా కండెన్సర్ తనలోకి తీసుకోవాలి. అప్పుడే కాయిల్‌లో అయస్కాంత శక్తి ఒక్కసారిగా పడిపోయి, ప్లగ్గుకి కావలసిన వేల వోల్టులు పుడతాయి. అది జరగకపోతే పాయింట్లు కాలుతాయి, ప్లగ్గు దగ్గర నీరసంగా పసుపుపచ్చ నిప్పు వస్తుంది.

మల్టీమీటర్‌లో కెపాసిటీ కొలిచే సదుపాయం ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఈ లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్లకి 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ మధ్య ఉండాలి. నాది చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించింది. మా అమ్మాయి హెయిర్ డ్రయర్ తెచ్చి వేడి గాలి పెట్టాక మీటర్లో అంకె నిలవడం మానేసి కిందికీ పైకీ ఆడింది. ఇక్కడో జాగ్రత్త. మీటర్ కొలిచేది కొద్ది వోల్టులతో. నడుస్తున్న బండిలో కండెన్సర్ మీద పడేది రెండు మూడు వందల వోల్టులు. కాబట్టి మీటర్ ఫెయిల్ అంటే ఫెయిలే, పాస్ అంటే మాత్రం పూర్తిగా నమ్మలేం. పాత స్టాక్ కంపెనీ కండెన్సర్ దొరికిందని సంబరపడనక్కర్లేదు కూడా. లోపలి కాగితం ఏళ్లకేళ్లు అల్మరాలో తేమ పీల్చి ఉంటుంది.

నేను చేసింది చాలా సులువు. డిస్ట్రిబ్యూటర్ లోపలి కండెన్సర్ తీసేసి, మంచిదని తేలినదాన్ని బయట కాయిల్ క్లాంపు స్క్రూకే బిగించి, దాని వైరు కాయిల్ నుంచి పాయింట్లకి పోయే టెర్మినల్‌కి కలిపాను. పని అదే చేస్తుంది, వేడి మాత్రం తక్కువ తగులుతుంది. 0.2 దగ్గర ఉంటే ఏ బండిదైనా సరిపోతుంది. అప్పట్నుంచి ఎండాకాలాల్లో కాజ దగ్గర బానెట్ ఎత్తలేదు.

రోటర్ కథ వేరు. చూడ్డానికి నల్లటి చిన్న ప్లాస్టిక్ ముక్క, ఏముంది అందులో అనిపిస్తుంది. ఇప్పుడొచ్చే చాలా రకాల్లో పైన ఇత్తడి రేకుని రివిట్ కొట్టి బిగిస్తున్నారు. ఆ రివిట్ కింది కొన దాదాపు షాఫ్టు దాకా వస్తుంది, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ మాత్రమే మిగులుతుంది. ఆ ప్లాస్టిక్‌లో నల్లరంగు కోసం కార్బన్ ఎక్కువ కలిపితే అదే కరెంటుకి దారి ఇస్తుంది. నిప్పు ప్లగ్గుకి పోవలసింది పోయి షాఫ్టులో ఎర్త్ అవుతుంది. పాత కంపెనీ రోటర్‌లో రివిట్ ఉండదు, రేకుని ప్లాస్టిక్‌లోనే పోత పోశారు.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. సాయంత్రం వెలుతురు తగ్గాక చేస్తే ఇంకా బాగా కనబడుతుంది. క్యాప్ తీసి పక్కన పెట్టి, రోటర్‌ని దాని చోటే ఉంచాలి. పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజను తిప్పి, తాళం ఆన్ చేయాలి. కాయిల్ నుంచి వచ్చే లావు వైరు కొనని రబ్బరు పిడి ఉన్న పట్టుకారుతో పట్టుకుని రోటర్ ఇత్తడి రేకుకి మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచి, మరో చేత్తో చెక్కపుల్లతో పాయింట్లని తెరవాలి. రోటర్ మంచిదైతే నిప్పు దూకదు, దూకడానికి దానికి దారే లేదు. నా కొత్త రోటర్ మీద ప్రతిసారీ చిట్ చిట్‌మని నీలం గీత పడింది. పాత కంపెనీ రోటర్ తొడిగి అదే చేస్తే ఏమీ లేదు. పక్కన నిలబడ్డ మెకానిక్ పుల్ల తన చేతిలోకి తీసుకుని మళ్లీ మళ్లీ చేసి చూశాడు. ఇప్పుడు తన దగ్గరకొచ్చే ప్రతి పాత బండికీ ఈ పరీక్ష చేస్తున్నాడు, అది నాకు లాభమే.

పాయింట్ల విషయంలో లోపం మెల్లగా బయటపడుతుంది. గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం మధ్య పెట్టాలి. లోకల్ సెట్లలో క్యామ్ (షాఫ్టు మీద తిరుగుతూ పాయింట్లని తెరిచే భాగం) మీద రాసుకునే మడమ మెత్తగా ఉండి త్వరగా అరిగిపోతుంది, గ్యాప్ మూసుకుంటుంది, దాంతోపాటే టైమింగ్ వెనక్కి పోతుంది, అంటే నిప్పు ఆలస్యంగా పడుతుంది. బండి ఆగదు, కానీ లాగదు, వేడెక్కుతుంది. జనం రేడియేటర్ సర్వీసుకి పరిగెత్తుతారు. క్యామ్ మీద గ్రీజు అసలు లేకుండా బిగించే అలవాటు కూడా ఇక్కడ బాగా ఉంది. అతి కొద్దిగా రాస్తే ఏ సెట్టయినా ఇంకొంత కాలం వస్తుంది. పాయింట్ల మీద ఒకవైపు గుంట, రెండోవైపు చిన్న గుట్ట లేచి ఉంటే ఎమరీ పేపర్‌తో రుద్ది ఊరుకోవద్దు, కండెన్సర్ కొలత సరిపోవట్లేదని అర్థం.

కాయిల్ కొనేటప్పుడు ఓమ్స్ అడగండి. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి పోయే కరెంటుని తగ్గించే ముక్క) లేని బండికి ప్రైమరీ, అంటే కాయిల్‌లో బ్యాటరీ వైపు చుట్ట, సుమారు 3 ఓమ్స్ ఉండాలి. "పవర్ ఎక్కువ సార్" అంటూ 1.5 ఓమ్స్‌ది అంటగడతారు. 12 వోల్టులకి 4 ఆంపియర్లు పోవలసిన చోట 8 పోతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లు కూడా దాంతోపాటే. డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న వైరు కూడా చూడండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా లోపలి ప్లేటు కదులుతుంది, ఆ వైరు దాంతో వంగుతుంది. బాగా మెత్తటి వైరు ఉండాల్సిన చోట మామూలు వైరు ముక్క అతికిస్తే పైతొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగుతుంది. మీటర్ పెట్టి, ప్లేటుని వేలితో కదుపుతూ చూస్తే తప్ప దొరకదు.

ఇదంతా ఎందుకు, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకోవచ్చుగా అంటారు. మిత్రుడి బండిలో పెట్టారు, నేను చాలాసార్లు నడిపాను, స్టార్టింగ్ చాలా బాగుంది. అయితే రోటర్, క్యాప్ అవే ఉంటాయి, కాబట్టి రివిట్ సమస్య అలాగే ఉంటుంది. ఇంజను ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కొన్ని మాడ్యూళ్లు కాలిపోతాయి. దారిలో పోతే చేసేదేమీ లేదు. పాయింట్లయితే గోరుతో, కాగితం ముక్కతో సరిచేసుకుని ఇంటికి రావచ్చు. నేను మార్చలేదు.

నా లెక్క ప్రకారం కండెన్సర్ బయట పెట్టుకుంటే లోకల్‌దీ ఫర్వాలేదు. పాయింట్లు గ్యాప్ చూసుకుంటూ వాడొచ్చు. రివిట్ ఉన్న రోటర్ ఊరికే ఇచ్చినా వద్దు, పాతది మూడింతల రేటైనా కొనండి. క్యాప్ మాత్రం మంచిది నాకింకా దొరకలేదు. కొత్తవాటిలో మధ్య కార్బన్ ముక్క స్ప్రింగులో బిగుతు లేదు, నొక్కితే లోపలే ఉండిపోతోంది. ప్రస్తుతానికి పాత క్యాప్‌తోనే నెట్టుకొస్తున్నాను. తెనాలిలో పాత టాక్సీల సామాను పెట్టిన దుకాణం ఒకటుందని చెప్పారు, ఈ వారం వెళ్లి చూడాలి.