డబుల్ నట్ బాల్ స్క్రూలని అమ్ముతున్న ఆయనతో జాగ్రత్త. నా 24 వేలు పోయాయి

నిన్న రాత్రి గ్రూపులో మళ్లీ అదే వీడియో పెట్టాడు. "1605 గ్రౌండ్ బాల్ స్క్రూలు, డబుల్ నట్, ప్రీలోడెడ్, జీరో బ్యాక్‌లాష్, రెండే సెట్లు ఉన్నాయి" అని. (బాల్ స్క్రూ అంటే మిషన్ టేబుల్‌ను నడిపే స్క్రూ, దాని నట్టులో చిన్న స్టీల్ బాల్స్ దొర్లుతుంటాయి. బ్యాక్‌లాష్ అంటే దిశ మార్చినప్పుడు స్క్రూ తిరిగినా టేబుల్ కదలకుండా పోయే ఆ కాస్త ప్లే.) ఎవరో మీకు తెలుసు. డీపీలో మిల్లింగ్ మిషన్ మీద చెయ్యేసి నిలబడి ఉంటాడే, ఆయనే. కింద అప్పుడే నలుగురు "ధర ఎంత సార్" అని అడిగేశారు. అందుకే తిండి కూడా తినకుండా ఇది రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

అనంతపురంలో చిన్న లేత్ షాపు నాది. బోరు మోటార్ల షాఫ్టులు, చెనక్కాయలు ఒలిచే మిషన్ల స్పేర్లు చేస్తుంటాను. పాత చేతి మిల్లింగ్ మిషన్‌కు స్టెప్పర్ మోటార్లు పెట్టి సీఎన్‌సీ (కంప్యూటరు చెప్పినట్టు కదిలేది) చేసుకున్నా. పాత స్క్రూల్లో పావు మిల్లీమీటరు ప్లే ఉండేది, బాల్ స్క్రూలు వేస్తే పోతుంది కదా అని ఈయన దగ్గర కొన్నా. టేబుల్ కదిలే రెండు దిశలకు, ఎక్స్‌కు ఒకటి, వైకి ఒకటి, స్క్రూ చివరను బేరింగులతో పట్టుకునే ఎండ్ సపోర్ట్ బ్లాకులతో కలిపి 24 వేలు. ముందే కట్టమన్నాడు, కట్టేశా. బిల్లు అడగలేదు. ఐదొందల రూపాయల బేరింగుకే బిల్లు అడిగే నేను దీనికి అడగలేదు!

బిగించాక మొదటి పని కళ్యాణదుర్గం నుంచి వచ్చిన ఒలిచే మిషన్ హౌసింగ్. 6204 బేరింగ్ కూర్చోవాలి, అంటే 47 మిల్లీమీటర్ల బోరు. అల్యూమినియంలో గుండ్రంగా తిప్పి కోయించా. బేరింగ్ పెట్టి చూస్తే ఒక పక్క బిగుసుకుంటోంది, ఇంకో పక్క వేలితో ఊపితే కదులుతోంది. టార్చి వేసి చూశా. బోరు లోపల నాలుగు చోట్ల, సరిగ్గా టేబుల్ దిశ మార్చే చోట్ల, చిన్న మెట్టు. గోరు పెట్టి లాగితే తగులుతోంది. బ్యాక్‌లాష్ ఉన్న మిషన్ గీసే వృత్తం ఇలాగే వస్తుంది. అప్పటికీ నా మీదే అనుమానం. గిబ్ (టేబుల్ జారే చోట సందు సర్దే పట్టీ) వదులైందేమో అని బిగించా, మోటారును స్క్రూకు కలిపే కప్లింగ్ గ్రబ్ స్క్రూలు బిగించా. ఏమీ మారలేదు.

కదలిక కొలిచే డయల్ గేజ్ పెట్టా. ప్లే ఎక్స్‌లో 0.18 మిల్లీమీటరు, వైలో 0.14. పాత స్క్రూకు పావు మిల్లీమీటరు, 24 వేల జీరో బ్యాక్‌లాష్ స్క్రూకు 0.18!

ఎక్కడ పోతోందో విడదీసి చూద్దామని స్క్రూ చివర సెంటర్ గుంటలో కాస్త గ్రీజు పెట్టి, ఒక స్టీల్ బాల్ అంటించి, దాని మీద డయల్ ఆనించా. టేబుల్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ నెడితే స్క్రూయే 0.07 కదులుతోంది. అంటే బేరింగ్ బ్లాకులో పోతోంది. బ్లాకు విప్పితే లోపల 6001లు, మామూలు డీప్ గ్రూవ్ బేరింగులు. అక్కడ ఉండాల్సినవి స్క్రూ పొడవునా వచ్చే తోపును ప్లే లేకుండా ఆపే యాంగ్యులర్ కాంటాక్ట్ జత, 7001లు. సైజు ఒకటే కాబట్టి చక్కగా కూర్చుంటాయి, పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. సరే, దీన్నైనా క్షమించేవాణ్ణి. చవక బ్లాకుల్లో ఇది మామూలే.

మిగతా 0.11 నట్టులో. డబుల్ నట్ అంటే రెండు నట్లనూ ఒకదానికొకటి ఎదురుగా ఒత్తి పెడతారు, మధ్యలో ఖాళీ లేకుండా. ఇక్కడ రెండోది చేత్తోనే తిరుగుతోంది. స్క్రూ మీంచి ఒక పైపు మీదికి జరిపి విప్పాను, బాల్స్ రాలకుండా కింద గుడ్డ కూడా పరిచా. రాలితే కదా! రెండో నట్టులో ఒక్క బాల్ కూడా లేదు. బాల్స్ తిరగాల్సిన గాడి పొడవునా గ్రీజు కూరి పెట్టాడు. పసుపు రంగు చిక్కటి గ్రీజు, పుల్ల పెట్టి తీస్తే తీగలా వచ్చింది. పావుగంట అలాగే కూర్చుండిపోయా. టీ తెచ్చిన పిల్లోడు "ఏమైందన్నా" అంటే ఏం చెప్పను?

ఫోటో పంపా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నాలుగో కాల్‌కు ఎత్తాడు.

"సార్, రెండో నట్టులో బాల్స్ లేవు."

"దారిలో రాలిపోయుంటాయి."

నట్టు స్క్రూ మీదే ఉంది, రెండు చివరలా దుమ్ము ఆపే వైపర్లు ఉన్నాయి, పార్సిల్ కవర్లో ఒక్క బాల్ దొరకలేదు. అదే చెప్పా.

"సాఫ్ట్‌వేర్లో కాంపెన్సేషన్ ఉంటుంది కదా, అంకె వేసుకో అప్పా."

"నా బోర్డులో ఉన్న సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్ సార్, దాంట్లో అది లేదు. ఉన్నా జీరో బ్యాక్‌లాష్ అని అమ్మింది మీరే కదా?"

అప్పుడన్నాడు: "బోరు మోటార్లు బాగు చేసుకునేవాడివి, నీకెందుకప్పా ఇవన్నీ? డయల్ పట్టుకోవడం వచ్చా నీకు?"

పెట్టేశాడు. ఆ తర్వాత బ్లాక్. డబ్బులు పడేదాకా "సార్", పడ్డాక "అప్పా", చివరికి "నువ్వు". బోరు మోటార్లు బాగు చేస్తానయ్యా, అవును. మోటారు విప్పితే లోపల ఉండాల్సింది ఉందో లేదో చూసి మరీ మూస్తా.

అంతకంటే పెద్ద సిగ్గు ఇప్పుడు చెబుతున్నా. ఆ వీడియో కొనకముందు ఇరవైసార్లు చూసుంటా. టేబుల్ పక్కకు పోతుంది, తిరిగి వస్తుంది, ముల్లు సున్నా మీద ఆగుతుంది. నాలుగుసార్లు సున్నా. ఆహా అనుకున్నా. నిన్న రాత్రి మళ్లీ చూశా. నాలుగుసార్లూ టేబుల్ ఎడమ నుంచే వచ్చింది. ఒక్కసారి కూడా సున్నా దాటి వెళ్లి వెనక్కి తిప్పలేదు. ఒకే వైపు నుంచి వస్తే పావు మిల్లీమీటరు ప్లే ఉన్న నా పాత స్క్రూ కూడా సున్నా చూపిస్తుంది! అంకె దాటితే ఒక చుట్టు వెనక్కి పోయి మళ్లీ అదే వైపు నుంచి రావాలని, అప్పుడే ప్లే తెలియదని, లేత్ దగ్గర చేరిన మొదటి వారంలోనే మా మేస్త్రి నెత్తి మీద మొట్టి నేర్పించాడు. పదిహేనేళ్లుగా రోజూ నేను చేసే పనే అది. అదే నాకు చూపించి నా దగ్గరే డబ్బులు లాగాడు.

కాంపెన్సేషన్ గురించి ఆయన మాట నమ్మబోయేవాళ్లకు ఒక్క ముక్క. మాక్‌త్రీ, లినక్స్ సీఎన్‌సీ లాంటి సాఫ్ట్‌వేర్లలో అది ఉంది, నిజమే. దిశ మారినప్పుడు మోటారును ఆ 0.18 అదనంగా తిప్పుతుంది, అంతే. కట్టరు టేబుల్‌ను లాగితే ఆ సందులో అది ఎటు పోతుందో దానికి తెలియదు. క్లైంబ్ మిల్లింగ్‌లో, అంటే కట్టరు పళ్లు తిరిగే వైపే టేబుల్ కూడా కదులుతుంటే, టక్కున లాగేసుకుంటుంది, కట్టరు విరుగుతుంది.

7001లు తెచ్చి ఎదురెదురుగా వేసి బిగించా, ఎక్స్ 0.11కి దిగింది. నట్టు సంగతి ఇంకా తేలలేదు. ఆ హౌసింగ్ మాత్రం మళ్లీ కొత్త ముక్కలో చేశా. సీఎన్‌సీతో కొంచెం తక్కువ సైజుకు కోసి, చివరికి బోరింగ్ హెడ్‌తో తీశా. టేబుల్ కదలదు, స్పిండిలే తిరుగుతుంది కాబట్టి బోరు గుండ్రంగా వచ్చింది. అల్యూమినియం ముక్క, రెండు రోజుల కూలి నా లెక్కలోనే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నా, కానీ చేతిలో బిల్లు లేదు, ఉన్నది యూపీఐ స్క్రీన్‌షాట్, ఆ వీడియో. అయినా రేపు చేస్తా.

కొనేవాళ్లు బిల్లు అడగండి. వీడియో అడిగితే డయల్ ముల్లు సున్నా దాటించి, వెనక్కి తిప్పి చూపించమనండి. బ్లాకు మూత తీసి బేరింగు నంబరు ఫోటో పెట్టమనండి. ఆ నలుగురూ, ధర అడిగినవాళ్లు, ఇది చదివితే నాకు మెసేజ్ పెట్టండి, ఆ ఖాళీ నట్టు ఫోటో పంపిస్తా.