ట్రాఫిక్ ఎప్పుడు విరుచుకుపడుతుందో తెలియని యాప్‌కి గూగుల్ క్లౌడ్ రన్: చాలాకాలం వాడాక సమీక్ష

మన యాప్‌ను కంటైనర్‌గా (కోడ్, దానికి కావాల్సినవన్నీ కలిపిన ప్యాకెట్) ఇస్తే, రద్దీని బట్టి దాని కాపీలను (ఇన్‌స్టాన్సులు) పెంచి తగ్గించే సర్వీసు గూగుల్ క్లౌడ్ రన్. దాన్ని ముంబై రీజియన్‌లో (డేటా సెంటర్లున్న ప్రాంతం), వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టి, చాలాకాలంగా ప్రొడక్షన్‌లో (నిజమైన యూజర్లతో) నడుపుతున్నాం. ఇదే తరహా పనికి అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ లాంబ్డానీ (పిలిచినప్పుడే కోడ్‌ను నడిపే సర్వీసు), ఆటోస్కేలింగ్ గ్రూపులో (లోడును బట్టి మెషీన్ల సంఖ్యను మార్చే ఏర్పాటు) పెట్టిన మామూలు వీఎంలనీ (వర్చువల్ మెషీన్లు) కూడా వాడాం. రద్దీ ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేని వెబ్ యాప్‌కి ఈ మూడింట్లో మా ఓటు క్లౌడ్ రన్‌కే. కాకపోతే డిఫాల్ట్ సెట్టింగులతో వదిలేస్తే మాత్రం ఆ ఓటు చెల్లదు.

వీఎంల సంగతి ముందు తేల్చేద్దాం. ఆటోస్కేలింగ్‌లో టార్గెట్ ట్రాకింగ్ (సీపీయూ వాడకాన్ని ఒక గీత దగ్గర ఉంచే పద్ధతి) పెడితే, సీపీయూ గీత దాటిందని నిర్ధారించుకోవడానికే మామూలుగా వరసగా మూడు నిమిషాల రీడింగులు కావాలి. ఆ తర్వాత మెషీన్ బూట్ అవ్వాలి, యాప్ లేవాలి, రిక్వెస్టుల్ని మెషీన్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ పెట్టే హెల్త్ చెక్ పాసవ్వాలి. వాట్సాప్ ఫార్వర్డ్ చూసి ఒక్కసారిగా వచ్చిన జనం అంతసేపు ఆగరు. రోజంతా లోడు దాదాపు ఒకేలా ఉండే యాప్‌కి వీఎంలే చవక, అందులో సందేహం లేదు. కానీ అది వేరే సమస్య.

లాంబ్డా వేగంలో దేనికీ తీసిపోదు. ఒక్కో ఫంక్షన్ ప్రతి 10 సెకన్లకూ 1,000 దాకా కొత్త ఎన్విరాన్‌మెంట్లు (కోడ్ నడిచే విడివిడి గదులు) తెరుచుకోగలదు. తేడా అంతా ఇంకోచోట ఉంది. మామూలు లాంబ్డాలో ఒక ఎన్విరాన్‌మెంట్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే తీసుకుంటుంది. క్లౌడ్ రన్‌లో ఒక ఇన్‌స్టాన్స్ డిఫాల్ట్‌గా ఒకేసారి 80 తీసుకోగలదు, ఆ సంఖ్యను (కాంకరెన్సీ) 1,000 దాకా పెంచుకోవచ్చు.

లెక్క వేసి చూడండి. సెకనుకు 400 రిక్వెస్టులు, ఒక్కోటి 200 మిల్లీసెకన్లలో పూర్తవుతోందనుకుందాం. ఏ క్షణంలో చూసినా లోపల 80 రిక్వెస్టులుంటాయి. క్లౌడ్ రన్‌లో, పని ఎక్కువగా డేటాబేస్ కోసం ఆగడమే అయితే, ఒకటి రెండు ఇన్‌స్టాన్సులు చాలు. లాంబ్డాలో 80 ఎన్విరాన్‌మెంట్లు. ఇప్పుడు డేటాబేస్ నెమ్మదించి రిక్వెస్టుకి 2 సెకన్లు పట్టిందంటే, వచ్చే జనం పెరగకుండానే లోపల 800 రిక్వెస్టులు పేరుకుంటాయి. అంటే లాంబ్డాలో 800 ఎన్విరాన్‌మెంట్లు. ఒక్కో రీజియన్‌లో అకౌంటుకి డిఫాల్ట్ పరిమితి 1,000. పైగా ఒక్కోటీ తన డేటాబేస్ కనెక్షన్ తాను తెరుస్తుంది. అసలే ఆయాసపడుతున్న డేటాబేస్ మీద ఇంకా భారం పడుతుంది. మధ్యలో ఆర్‌డీఎస్ ప్రాక్సీ (డేటాబేస్ కనెక్షన్లను పంచి వాడే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) పెట్టి కాచుకోవచ్చు, కానీ అదనపు ఖర్చు, అదనపు సెట్టింగు. రద్దీలో యాప్ పడిపోయిందంటే ముందుగా చూడాల్సింది డేటాబేస్‌నే.

అందుకే క్లౌడ్ రన్‌లో మాక్సిమమ్ ఇన్‌స్టాన్సుల సంఖ్యను ట్రాఫిక్ అంచనాతో కాదు, డేటాబేస్ దగ్గర్నుంచి వెనక్కి లెక్కేసి పెట్టాలి. మామూలు పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్ల డిఫాల్ట్ పరిమితి 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి (డేటాబేస్ అడ్మిన్‌కి) పోతాయి. మిగిలేవి 97. (గూగుల్ నడిపే డేటాబేస్ సర్వీసు క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో ఇది మెషీన్ మెమరీని బట్టి మారుతుంది, మీది ఎంతో చూసుకోండి.) ఇన్‌స్టాన్సుకి 5 కనెక్షన్ల పూల్ (తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపు), 19 ఇన్‌స్టాన్సులు అంటే 95, సరిపోయిందనిపిస్తుంది. సరిపోదు. కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసినప్పుడు పాత రివిజన్, కొత్త రివిజన్ కాసేపు రెండూ బతికుంటాయి. రివిజన్ స్థాయిలో పెట్టిన పరిమితి రెండింటికీ విడివిడిగా వర్తిస్తుంది. కనెక్షన్లు రెట్టింపై, రద్దీ మధ్యలో చిన్న బగ్ ఫిక్స్ పంపినప్పుడే ఎర్రర్లు మొదలవుతాయి. 12 ఇన్‌స్టాన్సులు, పూల్ 4 పెడితే 48, రెట్టింపైనా 96. పూల్ 4 చాలా తక్కువ అనిపించొచ్చు, కానీ ఒక్కో క్వెరీ 5 మిల్లీసెకన్లలో తిరిగొస్తే ఆ నాలుగే సెకనుకు 800 క్వెరీలు మోస్తాయి. ఇంకా కావాలంటే మధ్యలో కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్ పెట్టండి, పూల్ పెంచుకుంటూ పోకండి.

రెండో చిక్కు కాంకరెన్సీలోనే ఉంది. పైథాన్ యాప్‌లకు చాలామంది గూగుల్ నమూనా డాకర్‌ఫైల్‌లోని (కంటైనర్ తయారీ సూచనల ఫైలు) లైనే పెడతారు: గునికార్న్ (పైథాన్ వెబ్ సర్వర్), ఒక వర్కర్ (ప్రాసెస్), 8 థ్రెడ్లు (ఒక్కోటి ఒకసారికి ఒక రిక్వెస్టు చూస్తుంది). కాంకరెన్సీ మాత్రం 80 దగ్గరే ఉంటుంది. ఎనిమిది మంది గుమస్తాలున్న గదిలోకి 80 మందిని వదలడం ఇది. ఎనిమిదికి మించి వచ్చిన రిక్వెస్టులు లోపలే క్యూలో నిలబడతాయి, థ్రెడ్లు డేటాబేస్ కోసం ఆగుతున్నాయి కాబట్టి సీపీయూ పెద్దగా పెరగదు, 80లో చాలాభాగం నిండేదాకా ప్లాట్‌ఫారమ్ మాత్రం ఇంకా చోటుందనుకుని కొత్త ఇన్‌స్టాన్స్ తెరవదు. గ్రాఫులన్నీ బాగానే ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. కాంకరెన్సీ, థ్రెడ్ల సంఖ్య దగ్గరదగ్గరగా ఉండాలి. నోడ్ యాప్‌లో చిక్కు ఇంకోలా ఉంటుంది: పీడీఎఫ్ తయారీ, పాస్‌వర్డ్ హ్యాషింగ్ లాంటి సీపీయూ పని ఎక్కువుంటే 80 నుంచి పదికో అంతకన్నా తక్కువకో దించాలి.

కోల్డ్ స్టార్ట్ (కొత్త ఇన్‌స్టాన్స్ లేవడానికి పట్టే ఆలస్యం) గురించి అందరూ భయపెడతారు. గో, నోడ్ యాప్‌లకు అది పెద్ద బాధ కాదు. స్ప్రింగ్ బూట్ లాంటి బరువైన జావా యాప్‌కి మాత్రం సెకన్లు పడుతుంది. లేచేటప్పుడు అదనపు సీపీయూ ఇచ్చే స్టార్టప్ సీపీయూ బూస్ట్ ఆన్ చేసి, మినిమమ్ ఇన్‌స్టాన్సులు 1 పెట్టండి. రిక్వెస్టుల లెక్కన బిల్లయ్యే పద్ధతిలో, ఖాళీగా కూర్చున్న ఆ ఇన్‌స్టాన్సుకి సీపీయూ రేటు బాగా తక్కువ. ఈ పద్ధతిలోనే ఇంకో మెలిక: జవాబు పంపేశాక సీపీయూ అందదు. యూజరుకి ‘ఓకే’ చెప్పి వెనకాల ఈమెయిల్ పంపే కోడ్ సగంలో ఆగిపోతుంది. అలాంటివి, పనులను క్యూలో పెట్టి నడిపించే క్లౌడ్ టాస్క్స్‌కి అప్పగించండి. ఫైళ్ల సంగతీ అంతే. కంటైనర్ లోపల డిస్క్ అనుకుని రాసేదంతా మెమరీలోకే వెళ్తుంది. అప్‌లోడ్లు టెంప్ ఫోల్డర్లో పేరుకుంటే 512 ఎంబీ ఇన్‌స్టాన్స్ ఎక్కువసేపు బతకదు.

బిల్లు విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. బడ్జెట్ అలర్ట్ బిల్లును ఆపదు, మెయిల్ పంపుతుందంతే, అది కూడా ఆలస్యంగా. బాట్లు రాత్రంతా కొడుతుంటే అసలైన అడ్డుకట్ట మాక్సిమమ్ ఇన్‌స్టాన్సుల పరిమితే. ఒక్కో వీసీపీయూతో (వర్చువల్ సీపీయూ) 12 ఇన్‌స్టాన్సులు రోజంతా నడిస్తే 10,36,800 వీసీపీయూ-సెకన్లు. నెలకు ఉచితంగా వచ్చేది 1,80,000. రేటు పేజీ చూసి గుణించండి, పైన 18 శాతం జీఎస్టీ కలపండి. సీపీయూ మీద ఒక్క రోజుకి తగిలే గరిష్ఠ దెబ్బ దాదాపు అదే. మెమరీ, డేటా ట్రాన్స్‌ఫర్, డేటాబేస్ వేరు. ఆ పరిమితి తగిలినప్పుడు రిక్వెస్టులు కాసేపు క్యూలో ఆగి, తర్వాత 429 (‘రిక్వెస్టులు ఎక్కువయ్యాయి’) ఎర్రర్‌తో వెనక్కి వెళ్తాయి. కాబట్టి మొబైల్ యాప్‌లో ‘మళ్లీ ప్రయత్నించు’ అనే కోడ్ ప్రతిసారీ వ్యవధి పెంచుతూ, అందులో కొంత యాదృచ్ఛికత కలిపి రాయాలి. లేకపోతే అన్ని ఫోన్లూ ఒకే క్షణంలో మళ్లీ తలుపు తడతాయి.

ప్రొడక్షన్‌లో పెట్టేముందు లోడ్ టెస్ట్ (కృత్రిమ రద్దీతో పరీక్ష) తప్పదు. అందుకు వాడే కే6 అనే సాధనంతో చేయండి, కానీ లోడును పది నిమిషాల్లో మెల్లగా కాదు, పది సెకన్లలో ఎక్కించండి. మెల్లగా ఎక్కిస్తే ఏ ప్లాట్‌ఫారమైనా పాసవుతుంది.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోటాలా సమయం ముందే ప్రకటించిన రద్దీ అయితే, పావుగంట ముందు మినిమమ్ ఇన్‌స్టాన్సులు పెంచి, యాప్ ముందు వర్చువల్ క్యూ (ఆన్‌లైన్ వెయిటింగ్ లైను) పెట్టాలి. ఆటోస్కేలింగ్ మీద భారం వేయకూడదు. ఇంటర్ ఫలితాల్లాంటి, ఒకసారి విడుదలయ్యాక పెద్దగా మారని సమాచారానికైతే క్లౌడ్ రన్ కూడా అక్కర్లేదు: హాల్‌టికెట్‌కి ఒక చిన్న జేసన్ ఫైల్ చొప్పున ముందే తయారుచేసి, స్టోరేజ్ బకెట్లో పెట్టి, ముందు సీడీఎన్ (ఫైళ్ల కాపీలను యూజర్లకు దగ్గరి సర్వర్లలో ఉంచే నెట్‌వర్క్) తగిలిస్తే డేటాబేస్ జోలికే వెళ్లక్కర్లేదు. ఫైల్ వచ్చినప్పుడల్లా, క్యూలో మెసేజ్ పడినప్పుడల్లా నడిచే చిన్న పనులకు లాంబ్డానే మేలు, ఒక్కో పని 15 నిమిషాల్లోపు అయిపోయేదైతే. సర్వర్ కచ్చితంగా హైదరాబాద్‌లోనే ఉండాలంటే ఏడబ్ల్యూఎస్‌కి అక్కడ 2022 నవంబర్ నుంచి రీజియన్ ఉంది. మీకు కావాల్సిన సర్వీసులన్నీ అందులో ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోండి. ఏది ఎంచుకున్నా యాప్, డేటాబేస్ ఒకే రీజియన్‌లో ఉంచండి. ఒక పేజీకి 20 క్వెరీలు పడే యాప్‌లో డేటాబేస్ ఢిల్లీలో, యాప్ ముంబైలో ఉంటే ప్రతి క్వెరీకీ రానూపోనూ దూరం కలిసి, లోపల పేరుకునే రిక్వెస్టులు ఆ మేరకు పెరుగుతాయి.